ముసురు ఊరి నుంచి ఎడారి నగరానికి: మా మొదటి ఏడాది

మా పాత ఇంట్లో తువ్వాలు ఆరడానికి రెండు రోజులు పట్టేది. ముసురు పట్టిందంటే మూడు. గదికి అడ్డంగా కట్టిన తాళ్ల మీద బట్టలు ఎప్పుడూ వేలాడుతూనే ఉండేవి, వాటి కింద నుంచి వంగి నడవడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఎడారి నగరానికి వచ్చిన రెండో రోజు పొద్దున మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. బకెట్లో అడుగున ఉన్న దుప్పటి దులిపి తీగ మీద వేసి, వెనక్కి తిరిగి మొదట వేసిన చొక్కా ముట్టుకున్నాను. పొడిగా, అట్టలా బిరుసెక్కి ఉంది. భలే సంతోషం వేసింది. చొక్కాలోంచి అంత త్వరగా నీళ్లు లాగేసిన గాలి నా ఒంట్లోంచి కూడా లాగుతుందన్న సంగతి తట్టడానికి ఇంకో పది రోజులు పట్టింది.

మా ఆయనకు ఉద్యోగం మారడంతో ఈ ప్రయాణం పెట్టుకున్నాం. కొండల మధ్య చిన్న ఊరు మాది. ఈ చివర నుంచి ఆ చివరకు అరగంట నడక, ఏడాదిలో సగం రోజులు వాన. వెళ్లాల్సింది లక్షల మంది ఉండే నగరం. నేను, మా ఆయన, పదేళ్ల పాప, డెబ్బై రెండేళ్ల మా అమ్మ. అమ్మ వస్తుందో రాదో అన్నదే మాకు పెద్ద టెన్షన్. "మీరు లేకుండా ఈ వానలో నాకేం పనే" అని తనే ముందు సంచి సర్దుకుంది.

ఎడారి అనగానే నాకు ఇసుక దిబ్బలే కళ్లలో మెదిలేవి. ఏడాదికి 250 మిల్లీమీటర్ల కంటే తక్కువ వాన పడే చోటును ఎడారి అంటారని పాప తన పాఠం చదివి చెప్పింది. మా ఊళ్లో గట్టి ముసురు పట్టిన ఒక్క వారంలోనే అంత వాన పడేది. భూమధ్యరేఖ దగ్గర పైకి లేచిన గాలి తన తడినంతా అక్కడే కురిపించేసి, ఉత్తరాన, దక్షిణాన 30 డిగ్రీల అక్షాంశం దగ్గర్లో పొడిగా కిందికి దిగుతుందట. సహారా, అరేబియా, కలహారి ఎడారులు ఆ వరుసలో ఉన్నవే. అట్లాసులో పాప వేలు పెట్టి చూపిస్తుంటే అమ్మ చాలాసేపు చూసి, "అయితే అక్కడికి మబ్బు పొరపాటున కూడా రాదన్నమాట" అంది.

సామాను సర్దడం గురించి ఎక్కువ చెప్పను. రెయిన్‌కోట్లు, రబ్బరు బూట్లు ఇచ్చేశాం. గొడుగులు మాత్రం ఉంచుకోండి, ఎండకు అవే దిక్కు. ముఖ్యమైనది ఇంకొకటుంది, వెళ్లే నెల. మీ చేతిలో ఉంటే చలికాలం మొదట్లో వెళ్లండి. ఎండ ముదిరే లోపు ఒంటికి నెలల సమయం దొరుకుతుంది. మేం పాప బడి అయిపోగానే బయలుదేరాం, అంటే సరిగ్గా ఎండలు ముదిరే వేళకు దిగాం.

ఇల్లు చూసుకోవడంలోనే అసలు తప్పు చేశాం. వాన ఊరి మనిషి ఇల్లు ఎంచుకుంటే వెలుతురే చూస్తాడు. మా ఊళ్లో కిటికీలోంచి కాస్త ఎండ పడితే అక్కడికి కుర్చీ లాక్కుని కూర్చునేవాళ్లం. ఆ కళ్లతోనే పై అంతస్తులో, పడమటి వైపు పెద్ద పెద్ద అద్దాల కిటికీలున్న ఇల్లు చూసి మురిసిపోయి తీసుకున్నాం. మధ్యాహ్నం మూడయ్యేసరికి గది కొలిమి. పైన డాబా పగలంతా కాగుతుంది, రాత్రంతా ఆ వేడిని కిందికి వదులుతుంది. ఎడారిలో రాత్రుళ్లు చల్లగా ఉంటాయని విన్నాం. మబ్బు, తేమ లేని ఆకాశం కింద నేల త్వరగా చల్లారుతుంది కాబట్టి ఆ మాట నిజమే, ఊరి బయటికి వెళ్తే తెలుస్తుంది. నగరం లోపల కాంక్రీటు, తారు రోడ్లు దాచుకున్న వేడి తెల్లారేదాకా వస్తూనే ఉంటుంది. లోపల ఎంత మందం కర్టెన్లు వేసినా అద్దం దాటి వచ్చిన వేడి గదిలోనే ఉండిపోతుంది. కిటికీకి బయట వైపు తడికో గుడ్డో కట్టాకే తేడా కనిపించింది. నాలుగు నెలలకు తూర్పు వైపు, మొదటి అంతస్తు ఇంటికి మారిపోయాం. ఇల్లు చూడటానికి పొద్దున వెళ్లకండి. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి, గోడ మీద చెయ్యి పెట్టి చూడండి.

పదో రోజు నాకు ఒళ్లు తూలింది. రోజూ దాదాపు మధ్యాహ్నం పూట పాప కొత్త బడి పనుల మీద తిరుగుతున్నాను. తలనొప్పి మూడు రోజులుగా ఉంది. చెమట పట్టడం లేదు కాబట్టి ఎండ నన్నేమీ చేయడం లేదనుకున్నాను. మా ఊళ్లో వేడి అంటే చెమటే, చొక్కా వీపుకు అతుక్కుంటే వేడి. ఇక్కడ ఒళ్లు పొడిగా ఉంది, మెడ మీద చెయ్యి పెడితే సన్నగా ఉప్పు గరుకు తగిలేది, అంతే. ఆ రోజు ఒక ఆఫీసు మెట్ల మీద కళ్లు బైర్లు కమ్మి కూర్చుండిపోయాను. కాళ్ల పిక్కలు పట్టేశాయి, కడుపులో తిప్పింది. ఎవరో నీడలోకి జరిపి నీళ్లిచ్చారు.

డాక్టరమ్మ చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తే. "మీకు చెమట పట్టకపోవడం కాదమ్మా, పట్టింది పట్టినట్టే ఆవిరైపోతోంది." లీటరు చెమట ఒంటి మీద ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడి ఒంట్లోంచి పోతుందట. అందుకే పొడి గాలిలో ఒళ్లు బాగానే చల్లబడుతుంది. తడి కనిపించదు కనుక ఎంత పోతోందో మనకు తెలియదు. ఎండలో పని చేస్తుంటే గంటకు లీటరు, అంతకు మించి కూడా పోవచ్చు. ఒళ్లు కొత్త వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుందనీ, ఆ తర్వాత చెమట త్వరగా మొదలై, ఎక్కువగా వచ్చి, అందులో ఉప్పు తగ్గుతుందనీ చెప్పింది. నేనేమో ఒంటికి ఆ వ్యవధి ఇవ్వకుండా మొదటి రోజు నుంచే తిరిగేశాను. ఓఆర్‌ఎస్ తాగి, రెండు రోజులు నీడపట్టున ఉంటే తేరుకున్నాను. కానీ ఎండలో తిరిగిన మనిషికి మాట తడబడినా, మనిషి తికమక పడినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. ఇంట్లో చూసుకునే పని పెట్టుకోకుండా, ఒంటి మీద నీళ్లు పోసి చల్లబరుస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆ రోజు నుంచి నా భయమంతా అమ్మ మీదికి మళ్లింది. వయసు పైబడితే దాహం సరిగా తెలియదు. "దాహం లేదే" అని అమ్మ నిజమే చెప్పేది, ఒంట్లో మాత్రం నీళ్లు ఉండేవి కావు. అడిగితే తాగదని, పొద్దున్నే నాలుగు సీసాలు నింపి కిటికీ గట్టు మీద వరసగా పెట్టడం మొదలుపెట్టాను. ఒక్కో సీసా ఏ వేళకు ఖాళీ కావాలో పాప కాగితం అంటించింది. మనవరాలు అంటించింది కాబట్టి అమ్మ కాదనలేదు. మూత్రం రంగు చూసుకోవడం కూడా అందరం నేర్చుకున్నాం. లేత పసుపైతే ఫర్వాలేదు, ముదురైతే నీళ్లు చాలడం లేదని అర్థం. ఇంట్లో నలుగురం దీని గురించి సిగ్గుపడకుండా మాట్లాడుకోవడం ఈ ఏడాది మేం చేసిన మంచి పనుల్లో ఒకటి.

ఇంకొన్ని సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. ఎండాకాలంలో చల్లనీళ్ల కొళాయి తిప్పితే చెయ్యి కాలేంత వేడి నీళ్లు వస్తాయి, మేడ మీద ట్యాంకు ఎండలో ఉంటుంది కదా. పక్కింటి అక్క ఉపాయం చెప్పింది. గీజర్ స్విచ్ ఆపేస్తే, ఇంట్లో నీడలో ఉన్న దాని ట్యాంకు నీళ్లు చల్లారతాయి, వేడినీళ్ల కొళాయిలోంచే స్నానానికి పనికొచ్చే నీళ్లు వస్తాయి. మా ఊళ్లో ఉత్త దండగ అనుకున్న నీళ్ల కూలర్ ఇక్కడ అద్భుతంగా పనిచేసింది. పొడి గాలిలో నీళ్లు త్వరగా ఆవిరై గాలిని చల్లబరుస్తాయి. గాలిలో తేమ పెరిగిన ఆ కొద్ది రోజులు మాత్రం అది ఉన్నా లేనట్టే. బయటి గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాన్ ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోకూడదు, అది వేడి గాలినే ఒంటి మీదికి తోస్తుంది. పాపకు రెండుసార్లు ముక్కులోంచి రక్తం వచ్చి హడలిపోయాం. తల ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు నొక్కి పట్టుకుంటే ఆగింది. తల వెనక్కి వాల్చకూడదని అప్పటిదాకా నాకు తెలియదు. స్నానం చేశాక ఒంటి మీద తడి ఉండగానే క్రీమ్ రాసుకుంటే చర్మం పగలడం తగ్గుతుంది.

తాతగారి భోషాణం సంగతి మాత్రం తీరికగా చెప్పాలి. మా ఇంట్లో అన్నిటికంటే పాత వస్తువు అది. వానాకాలంలో మూత ఉబ్బి బిగుసుకుపోయేది, ఇద్దరం పట్టి లాగితే గానీ వచ్చేది కాదు. ఇక్కడికి వచ్చిన ఆరో వారంలో ఒక అర్ధరాత్రి హాల్లో టప్పుమని చప్పుడు. దొంగలనుకుని లైటు వేశాం. ఎవరూ లేరు. పొద్దున అమ్మ తుడుస్తూ వేలితో తడిమి, "ఇదిగో ఇక్కడ" అంది. మూత మీద, చెక్క గీతల వెంబడే, జానెడు పొడవున పగులు. అందులో గోరు అంచు దూరుతోంది. లోపలి చెక్క లేత రంగులో, అప్పుడే కోసినట్టుగా ఉంది. వడ్రంగి వచ్చి చూశాడు. తేమ గాలిలో చెక్క నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, పొడి గాలిలో వదిలేసి కుదించుకుపోతుంది. గాలిలో తేమ 80 శాతం ఉన్న చోట చెక్కలో దాని ఎండు బరువుకు 16 శాతం దాకా నీరు నిలుస్తుంది, 20 శాతం ఉన్న చోట అయిదు శాతానికి మించదు. కుదించుకోవడం ఎలాగూ తప్పదు, అది ఒక్కసారిగా జరిగితేనే పగులుతుంది. మేం దాన్ని ఏసీ గాలి తగిలే చోట పెట్టాం. దుప్పటి చుట్టి, గాలి తగలని లోపలి గదిలో కొన్ని నెలలు ఉంచాల్సిందట. "ఇప్పుడే పూడ్చకండమ్మా, ఏడాది ఆగండి, ఇంకా సర్దుకుంటుంది" అని డబ్బులు తీసుకోకుండా వెళ్లిపోయాడు. వీణ, హార్మోనియం, చెక్క మంచం లాంటివి తెచ్చుకునేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోండి.

కారు ఉన్నవాళ్లు బ్యాటరీ మీద కన్నేసి ఉంచాలి, వేడికి దాని ఆయుష్షు తగ్గుతుంది. ఎండలో గంట సేపు ఆపిన కారు డాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా కాగుతుంది, పిల్లల్ని ఒక్క నిమిషం కూడా లోపల వదలకూడదు. దుమ్ము తుఫాను వస్తే గోడలా కనిపిస్తుంది. రోడ్డు మీద నుంచి పూర్తిగా పక్కకు దిగి ఆపి, లైట్లన్నీ ఆర్పేసి, బ్రేకు మీద నుంచి కాలు తీయాలి. వెనక లైట్లు వెలుగుతుంటే అదే దారి అనుకుని వెనకవాళ్లు వచ్చి గుద్దుతారు.

ఏడు నెలలకు వాన వచ్చింది. ముందు వాసన వచ్చింది. ఎండిన మట్టి మీద తొలి చినుకు పడితే లేచే ఆ వాసనకు 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారు. మా ఊళ్లో మట్టి ఆరితే కదా ఆ వాసన రావడానికి, ఏడాదికి ఒకటి రెండు సార్లే తెలిసేది. ఇక్కడ వీధి వీధంతా కమ్ముకుంది. జనం బాల్కనీల్లోకి వచ్చి నిలబడ్డారు.

వాన అంటే మాకు భయమేమిటి అనుకుని పాపను తీసుకురావడానికి కారు తీశాను. పక్కింటి అక్క మెట్ల మీద నుంచి గట్టిగా అరిచింది, "వెళ్లకు, ఆ పల్లపు రోడ్డు వైపు అసలే వెళ్లకు!" నాకు అర్థం కాలేదు, కానీ ఆ గొంతు విని ఆగాను. మా ఊళ్లో నేల వానను తాగుతుంది, మిగిలింది కాలవల్లోకి పోతుంది. ఇక్కడ గట్టిపడిన నేల తాగదు, ఎప్పుడో గానీ రాని వానకు సరిపడా కాలవలూ లేవు. అరగంటలో ఆ పల్లంలో ఎర్రటి నీళ్లు పరుగు తీశాయి. పారే నీళ్లు అడుగు లోతు ఉంటే చిన్న కారు తేలిపోతుంది, రెండడుగులుంటే పెద్ద బండ్లు కూడా కొట్టుకుపోతాయి. పాపను బడిలోనే ఉంచి, నీళ్లు తీశాక సాయంత్రం పంపారు. ఆ అక్క రెండు చేతులూ పట్టుకుని థ్యాంక్స్ చెప్పాను, గొంతు పెగల్లేదు.

అమ్మ బెంగ గురించి మేం ముందుగా ఆలోచించలేదు. ఇక్కడి రాత్రుల నిశ్శబ్దానికి తనకు నిద్ర పట్టేది కాదు. డెబ్బై ఏళ్లు పెంకుల మీద వాన చప్పుడు వింటూ పడుకున్న మనిషి. మొన్న ఊరి నుంచి పిన్ని ఫోన్ చేసింది. "అక్కా, నాలుగు రోజుల నుంచి ముసురు, ఒక్క గుడ్డ ఆరితే ఒట్టు" అంటోంది. అమ్మ "కాస్త ఫోన్ కిటికీ దగ్గర పెట్టవే" అంది. పిన్ని పెట్టింది. అమ్మ స్పీకర్ ఆన్ చేసి, ఫోన్ దిండు పక్కన పెట్టుకుని కళ్లు మూసుకుంది. మేం ముగ్గురం మాట్లాడకుండా కూర్చున్నాం. కాసేపటికి లేచి, గట్టు మీద మూడో సీసా తీసుకుని ఖాళీ చేసింది.