నాలుగు మడతల నోట్‌బుక్

మన స్కూలు పాత విద్యార్థుల సంచికకి రెండు పేజీలు రాయమని కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, "ఏదైనా సరే, స్కూలు గురించి ఉంటే చాలు" అన్నారు. ఆరు నుంచి ఎనిమిదో క్లాసు దాకా వదిలేస్తున్నాను. నైన్త్ బి, వేపచెట్టు వైపు గది, మధ్యాహ్నం మొదటి పీరియడ్, ఇంగ్లీషు మాస్టారు. ఆ ఒక్క పీరియడ్‌కే ఈ రెండు పేజీలూ చాలవు.

ఆ నోట్‌బుక్ ఎవరూ మర్చిపోయి ఉండరు. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్, పేజీని నిలువునా రెండుసార్లు మడిచి విప్పితే నాలుగు గడులు. మొదటి గడిలో మాట. రెండో గడిలో అది కనిపించిన వాక్యం, మొత్తంగా. మూడో గడిలో ఆ వాక్యానికి అతికే తెలుగు మాట, ఒక్కటే. నాలుగోది ఖాళీ. ఖాళీ కనిపిస్తే చేతులు ఊరుకోవు కదా, కిటికీ బెంచీ వాళ్ళు గైడులోని సినానిమ్స్ అన్నీ అందులో ఎక్కించేవాళ్ళు. ఆయన ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసేవారు. వారం గడిస్తే గానీ ఆ గడి ముట్టుకోకూడదు.

ఆ నిషేధంలోనే కిటుకంతా ఉంది. దగ్గరి అర్థాలున్న రెండు కొత్త మాటలు ఒకే రోజు నేర్చుకుంటే ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. అఫెక్ట్, ఎఫెక్ట్ జంటగా బట్టీపట్టిన పిల్లవాడు ఏది ఏదో తేల్చుకోలేక ఏళ్ళతరబడి పెన్ను ఆపుతూనే ఉంటాడు. పదజాలం మీద ప్రయోగాలు చేసినవాళ్ళు తేల్చింది కూడా ఇదే. మొదటి మాట నిలదొక్కుకున్నాక రెండోదాన్ని పక్కకి తేవాలి. గైడుల్లో ఒక మాటకి ఎదురుగా ఐదు మాటలు కామాలతో అచ్చువేసే పద్ధతి అందుకే పనికిరాదు.

ఆయన అసలు పట్టు తెలుగు పేపర్‌లో ఉండేది. పర్యాయపదాలు, నానార్థాలు, ప్రకృతి-వికృతులు, వ్యుత్పత్త్యర్థాలు. తెలుగు పంతులుగారి దగ్గర మార్కుల కోసం చదివిన ఈ నాలుగింటినీ ఈయన ఇంగ్లీషు క్లాసుకి పట్టుకొచ్చారు. కుండ దగ్గర నించోబెట్టి ఒక్కొక్కరిచేత నీళ్ళు అడిగించిన రోజు గుర్తుందా? మంచినీళ్ళు ఇవ్వు, జలం ఇవ్వు, తీర్థం ఇవ్వు, ఉదకం ఇవ్వు. నాలుగూ నీళ్ళే. కానీ తీర్థం గుళ్ళో పుచ్చుకుంటాం, జలం జలాశయంలో ఉంటుంది, ఉదకం తిలోదకాల్లో తప్ప మన నోట రాదు. (తిలోదకాలు అనగానే ఎవరు నవ్వుతారో రాయను.) తర్వాత బోర్డు మీద మూడు మాటలు రాశారు: ఆస్క్, క్వశ్చన్, ఇంటరాగేట్. పక్కన అడిగాడు, ప్రశ్నించాడు, విచారించాడు. అమ్మ అడుగుతుంది, లాయరు ప్రశ్నిస్తాడు, పోలీసులు విచారిస్తారు.

ఇది కాకతాళీయం కాదు. మనకి అచ్చతెలుగు మీద సంస్కృతం వచ్చి కూర్చున్నట్టే, 1066లో నార్మన్లు ఇంగ్లండు గెలిచాక పాత ఇంగ్లీషు మీద ఫ్రెంచి కూర్చుంది, దానిమీద చదువుకున్నవాళ్ళ లాటిన్. అందుకే ఒకే పనికి ఇంటిమాట, కొలువుమాట, పుస్తకంమాట ఉంటాయి. రైజ్, మౌంట్, అసెండ్ కూడా అలాంటివే. తెలుగు చెవి ఉన్నవాడు ఈ మెట్లు ఇట్టే పసిగడతాడు. ఆ చెవి మనకి ఉందని గుర్తుచేయడమే ఆయన చేసిన పని.

ప్రకృతి-వికృతులు కూడా అంతే. రాత్రి రాతిరి అయినట్టు, ఒకే లాటిన్ మాట ఫ్రెంచి నోట అరిగి ఫ్రెయిల్ అయింది, పుస్తకాల దారిన నేరుగా వచ్చి ఫ్రాజైల్ అయింది. గాజుసామాను పెట్టె మీద ఫ్రాజైల్ అని రాస్తారు, బక్కచిక్కిన ముసలావిడని ఫ్రెయిల్ అంటారు. రాయల్, రీగల్ కూడా ఇలాంటి తోబుట్టువులే. నానార్థాలకి శాంక్షన్ చాలు: లోన్ శాంక్షన్ అయిందంటే అనుమతి, దేశం మీద శాంక్షన్లు అంటే ఆంక్షలు. ఒక్క అర్థమే రాసుకున్నవాడికి పేపర్లో వార్త తలకిందులుగా అర్థమవుతుంది. ఇక వ్యుత్పత్తి. విండో అంటే పాత నార్స్ భాషలో గాలికన్ను, మన గవాక్షం ఆవుకన్ను. ఆ రోజంతా మనం కిటికీనే చూస్తూ కూర్చున్నాం. అయితే ముక్కలు విడగొట్టడంలో ప్రమాదమూ ఉంది. పెట్రోలు ట్యాంకరు మీద ఇన్‌ఫ్లేమబుల్ అని ఉంటే 'ఇన్' చూసి అంటుకోనిదని అనుకుంటే కొంప కాలుతుంది. ఇన్‌వాల్యుబుల్ అంటే విలువలేనిది కాదు, వెలకట్టలేనిది.

వారం తర్వాత నాలుగో గడి నింపే పద్ధతి ఇదీ. రెండో గడిలోని వాక్యంలో పాతమాట తీసి కొత్తమాట పెట్టాలి. వాక్యాన్ని మళ్ళీ తెలుగులో చెప్పుకోవాలి. మూడో గడిలో రాసిన తెలుగు మాట మారకపోతే అవి ఆ చోట పర్యాయాలు. మారితే కావు. థిన్ సన్నగా, స్లిమ్ నాజూగ్గా, స్కిన్నీ బక్కపలచగా. మూడూ మారాయి. ఛైల్డ్‌లైక్ పసితనం, ఛైల్డిష్ పిల్లచేష్ట, ఒకటి మెప్పు, ఒకటి తిట్టు. అర్థం కుదిరినా పక్కమాటతో పొత్తు కుదరకపోవచ్చు. కటిక చీకటి అంటాం, కటిక వెలుతురు అనం. అలాగే టీ స్ట్రాంగ్, వాన హెవీ. వానని స్ట్రాంగ్ అని ఆ పేరే తెచ్చుకున్న మన 'స్ట్రాంగ్‌రెయిన్' ఇప్పుడు నీటిపారుదల శాఖలో ఇంజనీరు, ఎంత వాన పడిందో లెక్క చెప్పేది ఆయనే!

మనకి ఎక్కువ దెబ్బ తగిలేది మాత్రం తెలుగులో ఒక్కటే మాట ఉన్నచోట. చూడు అంటే లుక్, సీ, వాచ్. చెప్పు అంటే సే, టెల్, స్పీక్. అప్పు ఇచ్చినా పుచ్చుకున్నా అప్పే, అక్కడ లెండ్, బారో వేరు. అటునుంచి ఇటు చూస్తే మన కొట్టే నిండుగా ఉంది. పెయిన్ అనే ఒక్కదానికి సలుపు, పోటు, మంట, పీకడం. సలిపితే త్రాబింగ్, పొడిచినట్టుంటే స్టాబింగ్, కాళ్ళు పీకితే ఏకింగ్. ఆ మాటల్నే రోగుల నోట విని డాక్టర్లకి ఇంగ్లీషులో చెప్పే హెడ్ నర్సు మన బ్యాచ్‌లోనే ఉంది.

ఇక శుభలేఖల అట్టముక్కలు. తప్పిన మాటే అట్ట ఎక్కేది: ఒకవైపు మాట, రెండోవైపు ఖాళీ ఉంచిన వాక్యం. నాలుగు సబ్బుపెట్టెలు. మొదటిది రోజూ, రెండోది మూడురోజులకి, మూడోది వారానికి, నాలుగోది మూడువారాలకి. చెప్పగలిగితే ముందుపెట్టెకి, తప్పితే మళ్ళీ మొదటిపెట్టెకి. నేర్చింది మొదటి రోజుల్లోనే ఎక్కువ జారిపోతుందని జ్ఞాపకశక్తి మీద ప్రయోగాలు చేసిన ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ 1885లోనే రాశాడు. పెట్టెలు మార్చే పద్ధతిని లైట్నర్ అనే ఆయన 1972లో పుస్తకంగా వేశాడు. అవి మాస్టారు చదివారో లేదో, మన పెట్టెలు మాత్రం పనిచేశాయి.

రోజుకి ఐదు మాటలే, ఆరోది ఒప్పుకునేవారు కాదు. ఏడాదికి రెండొందల పనిదినాలు వేసుకోండి, రెండేళ్ళకి 2000. ఢాకాలో పనిచేసిన ఇంగ్లీషు బోధకుడు మైకేల్ వెస్ట్ 1953లో వేసిన ముఖ్యమైన ఇంగ్లీషు మాటల జాబితా కూడా దాదాపు 2000 మాటలే. మామూలు రాతల్లో ఐదింట నాలుగు మాటలు వాటి కుటుంబాలవే (ఒక మాట, దాని నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం). నవలో పేపరో సాఫీగా చదవాలంటే ఎనిమిది తొమ్మిది వేల కుటుంబాలు కావాలి. ఆ మిగిలినవి మనమే సంపాదించుకున్నాం, ఎవరి ఉద్యోగంలో వాళ్ళం. రెండు భాషల మధ్య అనువాదాలు చేసి ఇల్లు గడుపుకుంటున్న నా బల్ల మీద ఇప్పటికీ కాగితం నాలుగు మడతలే.

కమిటీకి ఒక మనవి. మాస్టారి ఫోటో కింద ఇంగ్లీషులో 'స్ట్రిక్ట్ టీచర్' అని పెట్టారు. మార్చి చూశాను. స్ట్రిక్ట్ అంటే రూలు తప్పనివ్వనివాడు. మనం ఆలస్యంగా వస్తే ఆయన ఎన్నడూ బయట నిలబెట్టలేదు. సివియర్ కుదరదు, అది మొహంలో కరుకుదనం. ఎక్సాక్టింగ్ అని వేయండి: పని సరిగ్గా వచ్చేదాకా వదలనివాడు. ప్రూఫ్ ప్రెస్సుకి వెళ్ళేలోపు మారుస్తారని ఆశిస్తున్నాను.