అమ్మ మోకాళ్లు, కాలిస్టోగా వేడి నీళ్లు

ఫిబ్రవరి, ఆదివారం

ఈరోజంతా కాలిస్టోగా ప్రయాణం ఏర్పాట్లతోనే సరిపోయింది. కాలిఫోర్నియాలో నాపా లోయకి ఉత్తరపు కొసన, ద్రాక్షతోటల మధ్య ఉన్న చిన్న ఊరది. ఫ్రీమాంట్‌లోని మా ఇంటి నుంచి రెండు గంటల దారి. నాపా అనగానే అందరికీ వైన్ గుర్తొస్తుంది. నాకు కావలసింది మాత్రం ఆ ఊరి వేడి నీటి ఊటలు. అమ్మ మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని, ముందు కుడికాలు దించి, కాసేపాగి ఎడమకాలు దించుతుంది. రోజూ చూస్తూనే ఉన్నాను. వచ్చే నెల తెనాలి వెళ్లిపోతుంది. ఈలోపు ఒక్కసారైనా ఆ నీళ్లలో కూర్చోబెట్టాలి.

ఆ ఊటల్ని వాపో తెగ ఆదివాసులు ఎంతో కాలం నుంచి వాడుకునేవారు. శామ్ బ్రానన్ అనే ధనవంతుడు అక్కడ స్థలం కొని 1860ల్లో రిసార్టు నడిపాడు. 1868లో రైలూ వచ్చింది. ఇప్పుడు ఆ ఊళ్లో ప్రత్యేకం మట్టి స్నానం. అగ్నిపర్వతపు బూడిదలో పీట్ మట్టి (చిత్తడి నేలల్లో మొక్కలు కుళ్లి ఏర్పడే నల్లమట్టి), వేడి ఊటనీరు కలిపి తొట్టి నింపుతారు. అందులో పది పన్నెండు నిమిషాలు పడుకోవాలి. మట్టి చిక్కగా ఉంటుంది కాబట్టి మునగం, తేలతాం. అందుకే మెడ దాకా పైనుంచి కూడా మట్టి కప్పుతారు. తర్వాత ఊటనీటి తొట్టి, ఆవిరి, చివర్లో దుప్పటి చుట్టి పడుకోబెడతారు.

"బురదలో పడుకోడానికి డబ్బులు కట్టాలటే?" అంది అమ్మ. అమ్మకి బీపీ ఉంది. తమ్ముడి చేత తెనాలి డాక్టరుగారిని అడిగిస్తే వేడి మట్టి వద్దే వద్దన్నారు, గోరువెచ్చటి నీళ్లలో కాసేపైతే పర్లేదన్నారు. అమ్మని బయట కూర్చోబెట్టి నేనొక్కదాన్నే లోపల పడుకోవడం నాకు నచ్చలేదు. నేనూ మానేశాను.

ఇండియన్ స్ప్రింగ్స్ అనే రిసార్టులో 1913లో కట్టిన పెద్ద కొలను ఉంది. అక్కడి గీజర్ల (నేలలోంచి ఎగజిమ్మే వేడి ఊటల) నీళ్లే అందులోకి వస్తాయి. ఒక రాత్రికి అక్కడే గది తీసుకున్నాం. ఇక మిగిలింది బట్టల సంగతి. పొడుగు చేతులు, మడమల దాకా ప్యాంటు ఉన్న స్విమ్ డ్రెస్ తెప్పించాను. అమ్మ దాన్ని ఒంటికి ఆనించుకుని అద్దంలో అటూ ఇటూ చూసుకుంది. "నలుగురిలో ఇదా?" అంది. పైన చున్నీ వేసుకుని కొలను దాకా వచ్చి, నీళ్లలోకి దిగేటప్పుడు తీసేద్దువుగాని అన్నాను. ఆ మాటకి ఒప్పుకుంది.

చూడాల్సినవాటికి మా ఆయన పెద్ద లిస్టే రాశారు. అందులో రెండే ఉంచాను. ఒకటి షాటో మాంటెలీనా అనే వైనరీ. 1976లో పారిస్‌లో పేర్లు కనపడకుండా రుచి చూపిస్తే, ఫ్రెంచి వైన్లని దాటి వీళ్ల 1973 షార్డనే తెల్ల వైన్లలో మొదటి స్థానం కొట్టేసింది. అది ఆయన కోసం. రెండోది ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్. నేలలోంచి వేడినీళ్లు ఎగజిమ్మేదాకా బెంచీ మీద కూర్చుని చూడొచ్చు, నడక తక్కువ. రాతిగా మారిన చెట్ల అడవి చూడాలని నాకెంతో ఆశ. కానీ అక్కడ ఎత్తుపల్లాల బాట, అమ్మ నడవలేదు.

ఎండలు ముదిరాక వెళ్దామని ఆయన అన్నారు గానీ, నాకు ఫిబ్రవరే మంచిదనిపించింది. ఆకు రాలిన ద్రాక్ష వరసల మధ్య ఇప్పుడు ఆవపూలు పచ్చగా పూసి ఉంటాయి. తర్వాత వాటిని నేలలో కలిపేస్తారు. ఆ మాట చెప్పగానే అమ్మ లేచి కూర్చుంది. "మన చేలో పిల్లిపెసర చల్లి కలియదున్నినట్టేగా! వీళ్లకీ తెలుసన్నమాట" అంది. ఇంతసేపట్లో అమ్మ తనంతట తను అడిగిన ప్రశ్నలన్నీ ఆ తోటల గురించే. ఏ నెలలో దున్నుతారు? తీగలు ఎప్పుడు కత్తిరిస్తారు? దారిలో ఎక్కడైనా కారు ఆపి దగ్గర్నుంచి చూపించాలి.

మంగళ, బుధవారాలు లీవు పెట్టాను. పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే. నేను గది బుక్ చేస్తుండగానే అమ్మ పెద్దమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పేసింది, స్విమ్ డ్రెస్ సంగతి తప్ప.