బ్యాకప్ అయిందని రాసుంది, కానీ ఎక్కడ అయింది?

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసు లినక్స్ సర్వర్ నేనే చూసుకుంటా. యాసంగి వడ్లు జోరుగా దిగుతున్న టైంలో దాని మదర్‌బోర్డు పోయింది. నల్లగొండ నుంచి కొత్త బోర్డు తెచ్చి, పాత డిస్కులు రెండూ (ఒకటి సిస్టం, డేటా ఉన్నది, రెండోది బ్యాకప్ కాపీలకు) దానికే తగిలించి ఆన్ చేస్తే ఒక్క ఎర్రర్ లేకుండా లేచింది. కాంటా చిట్టీలు వస్తున్నాయి, బిల్లులు పడుతున్నాయి, నేను బస్సెక్కి వచ్చేశా.

ఆరు రోజుల తర్వాత పొద్దున్నే గుమస్తా ఫోన్. "అన్నా, బిల్లు సేవ్ అయితలేదు, జాగా లేదంటుంది. బయట ట్రాక్టర్లు ఆగినయి."

ముందు బ్యాకప్ లాగ్ చూశా. ఆరు రాత్రులూ సక్సెస్ అనే ఉంది, కాకపోతే మొదటి రాత్రి పావుగంటలో అయ్యే పని గంటకు పైగా నడిచింది. అప్పుడు డీఎఫ్ (ఏ డిస్కులో ఎంత జాగా ఉందో చూపే కమాండ్) కొట్టి చూస్తే, బ్యాకప్ ఫోల్డర్ ఎదురుగా 4 టీబీ డిస్కు ఉండాల్సిన చోట సిస్టం నడిచే 480 జీబీ ఎస్ఎస్‌డీ పేరు ఉంది. అంటే ఆరు రోజులుగా కాపీలన్నీ అసలు డేటా ఉన్న డిస్కులోకే పోతున్నాయి. ఆ ఎస్ఎస్‌డీ పోయి ఉంటే ఆ ఆరు రోజుల రైతుల లెక్కలు, వాటి కాపీలు రెండూ ఒకేసారి పోయేవి. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

కారణం ఇదీ. బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కును ఏ ఫోల్డర్‌కు తగిలించాలో (మౌంట్ చేయాలో) చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో బ్యాకప్ డిస్కును ఎస్‌డీబీ1 అని, డిస్కుల వరుసను బట్టి వచ్చే పేరుతో రాసి ఉంది. కొత్త బోర్డులో డిస్కుల వరుస తారుమారై ఆ పేరు సిస్టం డిస్కుకు పోయింది, మౌంట్ ఫెయిలైంది, పక్కనే నోఫెయిల్ (డిస్కు రాకున్నా బూట్ ఆపొద్దు) అని కూడా ఉండడంతో సర్వర్ ఏమీ అనకుండా బూట్ అయింది. కాపీలు చేసే ఆర్‌సింక్ ప్రోగ్రామ్‌కు ఖాళీ ఫోల్డర్ కనపడింది, పాత కాపీ ఏదీ దొరక్క మొత్తం డేటాను మొదటి నుంచి రాసింది. ఆ గంట అందుకే పట్టింది.

బీఎల్‌కేఐడీ కమాండ్‌తో యూయూఐడీ (వరుస మారినా మారని గుర్తింపు నంబరు) తీసి ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో పెట్టి మౌంట్ చేశా. కానీ ఎస్ఎస్‌డీలో జాగా ఖాళీ కాలేదు, డీయూ (ఫోల్డర్లలోని ఫైళ్ల సైజు లెక్కించే కమాండ్) కొడితే ఆ ఫైళ్లు కనపడవు, డీఎఫ్ మాత్రం నిండుగానే చూపిస్తుంది. అవి అదే ఫోల్డర్‌లో, దాని మీద మౌంట్ అయిన డిస్కు కింద దాగి ఉన్నాయని తట్టడానికి అరగంట పట్టింది, అటు మిల్లు సేటు ఫోన్ మీద ఫోన్, చాలా టెన్షన్ పడ్డా. రూట్‌ను (అన్నిటికీ పైన ఉండే ఫోల్డర్) ఇంకో ఫోల్డర్‌కు బైండ్ మౌంట్ చేస్తే, అంటే అదే ఫోల్డర్‌ను ఇంకో చోట కూడా కనపడేలా చేస్తే, కింద ఉన్నవి బయటపడ్డాయి. ఇక్కడ ఆర్‌బైండ్ వాడొద్దు, అట్ల చేస్తే అసలు బ్యాకప్ డిస్కు కూడా అదే దారిలో వచ్చి చేరుతుంది, తుడిచే కమాండ్ దాన్ని కూడా తుడిచేస్తుంది. ఆరు రోజుల కాపీలను ముందు 4 టీబీ డిస్కులోకి మార్చి, సరిచూసుకుని, తర్వాతే తీసేశా. అప్పటికి పదకొండు దాటింది, ట్రాక్టర్లు కదిలాయి.

ఇప్పుడు స్క్రిప్ట్ మొదట్లోనే మౌంట్‌పాయింట్ చెక్ ఉంది, డిస్కు లేకపోతే అక్కడే ఆగి నాకు మెసేజ్ పంపుతుంది. డిస్కు మౌంట్ తీసి ఉన్నప్పుడు ఆ ఖాళీ ఫోల్డర్‌కు సీహెచ్‌ఏటీటీఆర్ ప్లస్ ఐ (మార్చనివ్వకుండా తాళం వేసే కమాండ్) పెట్టా, ఇక రూట్ యూజర్ (అన్ని అధికారాలున్న అడ్మిన్) కూడా అందులో రాయలేడు. ఆ రాత్రి కేబుల్ పీకి ఒకసారి నడిపించా. మెసేజ్ వచ్చింది. కేబుల్ పెట్టి మళ్లీ నడిపించి, పోయిన వారం కాంటా ఫైలు ఒకటి వెనక్కి తెచ్చి గుమస్తా ముందు తెరిచి చూపించా.