58 శాతాన్ని అమెరికా లా స్కూల్‌కి చేర్చడానికి నాలుగు నెలలు

నిన్న రాత్రి లా స్కూల్ అప్లికేషన్ అకౌంట్ తెరిచి చూస్తే నా బీకాం మార్కుల పరిశీలన పూర్తయిందని కనిపించింది. ఇక్కడ డాలస్‌లో అర్ధరాత్రి, నల్గొండలో పొద్దున 11:30. వెంటనే నాన్నకు ఫోన్ చేశాను. ఈ మాట మొదట వినాల్సింది ఆయనే.

అమెరికాలో జేడీ, అంటే లాయర్ కావడానికి చదివే లా డిగ్రీ, చదవాలంటే డిగ్రీ మార్కులు మన చేత్తో కాలేజీలకు పంపితే చెల్లదు. పెన్సిల్వేనియాలోని న్యూటౌన్‌లో ఉన్న లా స్కూల్ అడ్మిషన్ కౌన్సిల్, అంటే ఎల్‌సాక్, వాటిని తెప్పించుకుని కాలేజీలకు అందిస్తుంది. లా స్కూల్ ప్రవేశ పరీక్ష ఎల్‌సాట్ రాశాను, రికమెండేషన్ లెటర్లు వచ్చాయి, వాటితో ఇబ్బందేం లేదు.

ఫారంలో జీపీఏ, అంటే సగటు గ్రేడు పాయింట్లు, రాసే గడి దగ్గర మాత్రం ఆగిపోయాను. బీకాంలో నాకు వచ్చింది 58 శాతం. ఒక కన్సల్టెన్సీ అతను 58ని 25తో భాగించి 2.32 వేయమన్నాడు. అది తప్పు. ఇక్కడ చదివినవాళ్లకు ఎల్‌సాక్ తనే మళ్లీ లెక్క కడుతుంది, ఏ ప్లస్‌కి 4.33 చొప్పున. మన డిగ్రీలకు ఆ లెక్క కట్టరు. ఆక్రావో అనే సంస్థ మెమోలు చూసి సుపీరియర్, ఎబవ్ యావరేజ్, యావరేజ్, బిలో యావరేజ్ అని నాలుగింటిలో ఒకటి చెబుతుంది. కాబట్టి మీరు లెక్కలు కట్టకండి, మెమోలో ఉన్నదే రాయండి.

ఆ మనిషే ఇంకో సలహా ఇచ్చాడు. రెండో ఏడాది స్టాటిస్టిక్స్ ఫెయిలై సప్లిమెంటరీలో పాసయ్యాను. "కన్సాలిడేటెడ్ మెమో ఒక్కటే పంపండి మేడమ్, ఫెయిల్ కనపడదు" అన్నాడు. లాయర్ కాబోయే మనిషి మొదటి కాగితంలోనే దాపరికం మొదలుపెడితే ఇంకేం న్యాయం చేస్తుంది? పైగా బార్ లైసెన్స్, అంటే లాయర్‌గా పనిచేసే అనుమతి, ఇచ్చే ముందు నడవడిక విచారిస్తారు, లా స్కూల్ అప్లికేషన్ కూడా తిరగేస్తారు. అన్ని ఏళ్ల మెమోలూ వెళ్లేలా చూశాను. ఆ పని చేసినందుకు గర్వంగా ఉంది.

అసలు కష్టం నాన్న పడ్డారు. ట్రాన్‌స్క్రిప్ట్‌ని, అంటే అధికారిక మార్కుల పత్రాన్ని, యూనివర్సిటీ వాళ్లే కవర్లో పెట్టి, సీలు వేసి, నేరుగా న్యూటౌన్‌కి పంపాలి. ఆయనకు 71 ఏళ్లు. బస్సులో ఎగ్జామినేషన్ బ్రాంచ్‌కి వెళ్లారు. మొదటిసారి చలాన్ కట్టడంతోనే సాయంత్రమైంది. రెండోసారి వెళ్తే కౌంటర్లో క్లర్క్ నా మెమో అటూ ఇటూ తిప్పి, లైన్‌లో ఉన్నవాళ్లందరూ వినేలా, "ఏం పెద్దాయనా, 58 పర్సెంట్‌కి అమెరికాల లాయర్ అయితదా మీ బిడ్డ?" అన్నాడట. నాన్న ఏమీ అనలేదు. నాకూ చెప్పలేదు. పక్కనే ఉన్న తమ్ముడు నెల తర్వాత చెబితే తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మూడేళ్లూ నేను సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి తమ్ముడి ఫీజు కట్టాను. ఆ 58 నా కష్టార్జితం. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి దాన్ని తూచే హక్కు లేదు.

మూడోసారి కవరు నాన్న చేతిలో పెట్టి "మీరే పంపుకోండి" అన్నారు. పాపం, ఆయన తన పేరుతో కొరియర్ చేశారు. యూనివర్సిటీ నుంచి నేరుగా రాలేదని ఎల్‌సాక్ తీసుకోలేదు. ఆరు వారాలు, కొరియర్ డబ్బులు వృథా. నాలుగోసారి ఒక మేడమ్ కుర్చీ వేసి నాన్నను కూర్చోబెట్టి, అతుకు మీద స్టాంపు కొట్టి, సంతకం పెట్టి, డిస్పాచ్ రిజిస్టర్‌లో ఎక్కించి, తనే పంపించారు. మొత్తం పని 20 నిమిషాలు. ఆమెకు రుణపడి ఉన్నాను.

మీరెవరైనా ఈ దారిలో ఉంటే, ఎల్‌సాక్ ఇచ్చే ట్రాన్‌స్క్రిప్ట్ రిక్వెస్ట్ ఫారం ప్రింట్ తీసి తప్పకుండా కవర్లో పెట్టించండి. కవరు చేతికిస్తే తీసుకోకండి. వీలైతే పెద్దవాళ్లను ఆ లైన్లలో నిలబెట్టకండి. చాలా కాలేజీలు సెప్టెంబర్‌లోనే అప్లికేషన్లు తెరిచి వచ్చినవి వచ్చినట్టు చూస్తాయి, కాబట్టి ఈ పని ఎండాకాలంలోనే మొదలుపెట్టాలి. నేను ఆగస్టులో మొదలుపెట్టి ఆలస్యం చేశాను.

నాకు ఎబవ్ యావరేజ్ అని వచ్చింది. ఫోన్‌లో అది చెబితే నాన్న, "స్టాంపు సరిగ్గనే పడ్డదా బిడ్డా?" అని అడిగారు. పడింది నాన్నా, అన్నాను.