వాన కడిగిన గాలి

రాత్రి వానకి బెంగళూరు తోమిన పళ్ళెంలా ఉంది. మారతహళ్ళిలో మేడ మీద బట్టలారేస్తూ "గాలి ఎంత శుభ్రంగా ఉందో!" అన్నాను. వాతావరణశాస్త్రం చదువుతున్న తమ్ముడు నవ్వాడు. "అక్కా, కొత్త నలుసులు పుట్టడానికి ఇదే అదను."

పాత దుమ్ము ఎక్కువుంటే ఆవిర్లన్నీ దానికే అంటుకుపోతాయట. వానకి అది తగ్గి, ఎండ కాస్తే గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్ వాయువు కాస్తా సల్ఫ్యూరిక్ ఆమ్లమవుతుంది. ఆ అణువులు అమోనియాలాంటి వాటితో జట్టుకట్టి 1-2 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) రేణువులవుతాయి. చాలావరకు పెద్దవాటికి అతుక్కుని మాయం. బతికి బట్టకట్టి, ఏ 50-100 నానోమీటర్లకో పెరిగినవాటి మీద నీరు చేరి మబ్బు చినుకవుతుంది.

ఇంత చెప్పాడు గానీ ఒక్క చొక్కా ఆరేయలేదు మహానుభావుడు.

సాయంత్రం మళ్ళీ మబ్బు పట్టింది. బట్టలు తీయడానికి నేనే పరిగెత్తాను.