గోపాలపూర్, సునాపూర్ నీళ్లు: ఈ సీజన్ డైవింగ్ నోట్స్

ఒడిశాలోని బరంపురం నుంచి గోపాలపూర్ దాదాపు పదిహేను కిలోమీటర్లు. ఇంత దగ్గరలో సముద్రం ఉన్నా మాస్కు పెట్టుకుని దిగేవాళ్లు చాలా తక్కువ. "అంతా ఇసుకే కదా, ఏం కనపడుతుంది" అంటారు. నిజమే, అండమాన్‌లో ఉన్నట్టు పగడాలు లేవు, రుషికొండ దగ్గర ఉన్నట్టు రాళ్లూ లేవు. కానీ నీళ్లు తేరుకున్న రోజున అయిదారు మీటర్ల లోతులో ఆ ఇసుకను చూడాలి. ఛత్రపురం వైపు తవ్వి తీసే నల్లటి ఇల్మనైట్, ఎర్రటి గార్నెట్ ఖనిజాలు ఇక్కడి ఇసుకలోనూ ఉన్నాయి. అడుగున అలల ముద్రల మడతల్లో నల్ల గీతలు, వాటి పక్కన సన్నగా ఎర్రటి జాడ. ఆ గీతల మీదుగా వేలెడంత పీత పక్కకి నడిచిపోతుంటే దాని కాళ్లు ఇసుకలో చేసే చుక్కలు కూడా లెక్కపెట్టొచ్చు. అలాంటి రోజు ఎప్పుడు వస్తుందో ముందే పట్టుకోవాలన్నదే ఈ ఏడాది నా పని.

నీళ్లు బాగున్నాయా లేదా అన్నది ఇప్పుడు కంటి అంచనాతో రాయడం లేదు, కొలుస్తున్నాం. 1865లో ఇటలీలో సెక్కీ అనే క్రైస్తవ మతగురువు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ముప్ఫై సెంటీమీటర్ల రేకు బిళ్లకు తెల్ల రంగు వేయించాను. మధ్యలో బెజ్జం, నైలాన్ తాడు, తాడుకి అర మీటరుకో ముడి, కింద వలలకు కట్టే సీసం గుండ్లు. లారీ ట్యూబు మీద బోర్లా పడుకుని, మన నీడ పడే వైపు నుంచి బిళ్లను దించాలి. కనపడకుండా పోయిన చోట ఒక లెక్క, పైకి లాగుతుంటే మళ్లీ కనపడిన చోట ఇంకో లెక్క, రెండింటి సగటు రాసుకోవాలి. మా బావమరిది కళ్లు నాకంటే చురుకు. వాడు "బావా, పోయింది!" అని అరిచినప్పుడే ముడి పట్టుకుంటాను. రోజూ ఒకే మనిషి చూడటం మంచిది, లేకపోతే అంకెలు పోల్చడానికి పనికిరావు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు కొలత బాగా వస్తుంది, కానీ అప్పటికి సముద్రం గాలి లేచి నీళ్లు చెదిరిపోతాయి. అందుకే పొద్దున తొమ్మిది గంటలకే కొలిచేస్తున్నాం.

గోపాలపూర్‌లో జనవరి చివర మూడున్నర మీటర్లు వచ్చింది. ఫిబ్రవరి మధ్యలో నాలుగు. ఇప్పటిదాకా అదే ఎక్కువ. మార్చిలో ఒకరోజు గాలి బొత్తిగా లేదు, ఒడ్డు మీంచి చూస్తే సముద్రం పడుకున్నట్టుంది, బిళ్ల మాత్రం ఒకటిన్నరకే మాయమైంది. కారణం దూరం నుంచి వచ్చి అడుగు ఇసుకను లేపే పొడవాటి ఉబ్బు కెరటాలు (స్వెల్). ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టి, ఇక్కడ గాలి లేకపోయినా వచ్చేస్తుంది. ఒక కెరటానికీ ఇంకో కెరటానికీ పద్నాలుగు సెకన్లుంటే, అర మీటరు ఎత్తు ఉబ్బు కూడా ఆరు మీటర్ల లోతులో మనిషిని దాదాపు ఒకటిన్నర మీటర్లు అటూ ఇటూ ఊపుతుంది. ఏడు సెకన్లయితే ఊపు అందులో సగమే. అందుకే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే సముద్ర సూచనలో కెరటం ఎత్తు ఒక్కటే చూసి బయల్దేరడం లేదు, సెకన్లు కూడా చూస్తున్నాను. పది దాటితే ఇంట్లోనే ఉంటున్నాను. అడుగుకి వెళ్లాక ఆ నల్ల రేణువులు కూడా కదులుతుంటే అంకెలు ఏం చెప్పినా పైకి వచ్చేస్తాం.

సునాపూర్ లెక్క వేరు. బహుదా నది పక్కనే ఉంది కాబట్టి అక్కడ ఆటుపోట్లదే రాజ్యం. ఆటు వేళ నది నీళ్లు బయటికొచ్చి అర మీటరు కూడా కనపడదు. పోటు ఎక్కడం మొదలై రెండు గంటలయ్యాక అదే చోట రెండున్నర వచ్చింది. పున్నమి, అమావాస్యలకు అటూ ఇటూ రెండు మూడు రోజులు వదిలేసి, అష్టమి దగ్గర్లో వెళ్తే లాగుడు తక్కువగా ఉంటుంది.

దిగే చోటు గురించి గోపాలపూర్ మత్స్యకారుల్లో ఒక పెద్దాయన చెప్పినదే పాటిస్తున్నాం: "కెరటం ఇరగని కాడ దిగొద్దు బాబూ. అది దారి కాదు, సముద్రం ఎనక్కెళ్లే కాలవ." నురుగు మధ్య నల్లగా, నున్నగా కనపడే పట్టీ అదే. అందులో పడితే ఒడ్డుకి ఎదురీదకూడదు, ఒడ్డు వెంబడే పక్కకి ఈది బయటపడాలి. దిగేముందు నీళ్లలోకి ఒక కొబ్బరికాయ విసురుతాం. నిమిషంలో అది తీరం వెంట ఇరవై అడుగులు నడిచేంత దూరం దాటితే ఆరోజుకి డైవింగ్ లేదు. మార్చి, ఏప్రిల్‌లలో తీర ప్రవాహం ఉత్తరానికి గట్టిగా లాగుతుంది కాబట్టి దక్షిణాన దిగి ఉత్తరాన తేలేలా చెప్పులు, నీళ్ల సీసా ముందే అక్కడ పెట్టుకోవాలి. కాళ్లకి ఫిన్స్ (ఈత రెక్కలు) వేసుకున్నాక నీళ్లలోకి వెనక్కి నడవాలి, పాదాలు ఎత్తకుండా ఈడుస్తూ. ఇసుకలో తోకకి విషపు ముల్లుండే టేకు చేప ఉంటే ఆ కదలికకి తప్పుకుంటుంది.

తెగిన వలలు ఎక్కువ, కత్తి లేకుండా దిగొద్దు. జెల్లీఫిష్ తగిలితే సముద్రం నీళ్లతోనే కడగాలి, మంచినీళ్లు పోయకూడదు.

రుషికుల్య నది మొగ వైపు నవంబరు నుంచి మే దాకా వెళ్లం. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లకోసం వచ్చి తీరం దగ్గర గుంపులుగా ఉండే కాలమది. ఊపిరికి పైకి వచ్చిన తాబేలు మనిషిని చూసి మళ్లీ మునిగిపోతే దానికెంత కష్టమో ఆలోచించండి. ఆ నెలల్లో అక్కడ ఇరవై కిలోమీటర్ల లోపు చేపల వేటనే ఒడిశా ప్రభుత్వం ఆపేస్తుంది. మనం సరదాకి వెళ్లడం అసలు తగదు.

తర్వాతి లక్ష్యం శ్రీకాకుళం జిల్లాలోని బారువ. 1917లో కాలి మునిగిన చిల్కా ఓడ శిథిలాలు అక్కడున్నాయి. అక్కడికి సిలిండర్‌తో, అనుమతి ఉన్న విశాఖ డైవింగ్ వాళ్ల బోటులోనే వెళ్తాను. అక్టోబరు, నవంబరుల్లో అయితే మునగడానికి నడుముకి కట్టుకునే సీసం బరువులు మార్చుకోవాలి. వానలకి నదుల నీళ్లు కలిసి పైనీళ్ల ఉప్పు బాగా తగ్గుతుంది, మనిషి తక్కువ తేలతాడు కాబట్టి వేసవిలో కట్టిన సీసం కంటే అర కిలో తక్కువ సరిపోవచ్చు. వెళ్లిన రోజునే, ఒడ్డు దగ్గర, సిలిండర్‌లో గాలి తక్కువున్నప్పుడు తేలి చూసుకుని ఆ బరువు ఖాయం చేసుకుంటాను.