పడమటి కొండలు లేని ఊరు

మా బడికి పడమట చెరువు ఉండేది. తొమ్మిదో తరగతిలో నేను రాసిన మొదటి కథ మాత్రం 'సూర్యుడు పడమటి కొండల్లోకి దిగిపోతున్నాడు' అని మొదలైంది. తెలుగు మాస్టారు ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, నన్ను కిటికీ దగ్గరికి పిలిచారు.

"ఏవిరా ఆ కొండలు? నాకూ చూపించు."

ఆ కొండలు నేను చదివిన కథల్లోవి. కళ్లెదుట ఉన్న చెరువు, గట్టెక్కనని మొరాయించే గేదెలు, ఎండాకాలం సాయంత్రాల్లో తరగతి గదిలోకి వచ్చే పాచి వాసన కథకు పనికొస్తాయని నాకు తోచనే లేదు.

మాస్టారు అంతటితో వదల్లేదు. ఎనిమిది పేజీల ఆ కథను సొరుగులో పెట్టి తాళం వేసేశారు. వారం తర్వాత, "పాత ప్రతి చూడకుండా మళ్లీ రాయి" అన్నారు. ఏడుపొచ్చింది. రాస్తే అయిదు పేజీలే వచ్చింది. మిగిలిన మూడు పేజీలూ ఏమయ్యాయని నేను దిగులుపడుతుంటే, "రాసినవాడికే గుర్తులేనిది చదివేవాడికి ఎందుకురా?" అని నవ్వారు. ఆ అయిదు పేజీలనూ గుండ్రని చేతిరాత ఉన్న మిత్రుడొకడు గోడపత్రికకు ఎక్కించాడు. రాత బాగుందని అందరూ వాడినే మెచ్చుకున్నారు, అది వేరే సంగతి.

'కన్యాశుల్కం' పాఠం చెప్పిన రోజు మాస్టారు నల్లబల్ల మీద రెండు సంవత్సరాలు రాశారు: 1897, 1909. మొదటిది ఆ నాటకం అచ్చయిన ఏడు. రెండోది, గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకంలా తిరగరాసి వెలువరించిన ఏడు. అప్పటికే 1892లో విజయనగరంలో ప్రదర్శించి మెప్పు పొందిన నాటకం అది. ఈ రోజు మనం చెప్పుకునే మధురవాణి ఇంతటి మధురవాణి అయింది రెండో కూర్పులోనే. "మెప్పు వచ్చాక కూడా ఆయన ఊరుకోలేదు. నువ్వు వారం ఆగలేవా?" అన్నారు నా వైపు చూసి.

ఆ తర్వాత ఒక వారపత్రికకు కథలు పంపడం మొదలుపెట్టాను. కాగితానికి ఒకవైపే రాయడం, 'ఇది నా సొంత రచన, దేనికీ అనువాదం గానీ అనుసరణ గానీ కాదు' అని హామీపత్రం జతచేయడం, తిరుగు టపాకు స్టాంపులు అతికించిన కవరు పెట్టడం. ఇంట్లో తెలియకూడదని బడి చిరునామా ఇచ్చాను. నా దస్తూరితోనే తిరిగొచ్చిన కవరును అటెండరు తరగతి గుమ్మంలో నిలబడి, పేరు పెట్టి పిలిచి మరీ ఇచ్చేవాడు. అంతకన్నా ఇంట్లో తెలిసిపోవడమే నయమనిపించేది. అలా మూడుసార్లు. నాలుగోసారి కవరు రాలేదు, పత్రికే వచ్చింది.

ఇప్పుడు మన బడిలో చదువుతున్న పిల్లల్లో రాయాలని ఉన్నవాళ్లు నాకు ఫోన్ చేసి, ఎలా మొదలుపెట్టాలని అడుగుతుంటారు. మీ అమ్మమ్మ పక్కింటావిడతో ఎలా పోట్లాడుతుందో ఒక్క పేజీ రాసి పంపమంటాను. సగంమంది పంపరు. పంపినవాళ్లలో కొందరు అమ్మమ్మ చేత పాఠ్యపుస్తకంలా మాట్లాడిస్తారు. ఒకమ్మాయి మాత్రం ఆ పోట్లాటలో వినబడిన ఒక్క సామెతను ఉన్నదున్నట్టు దించింది. ఆ పేజీ దాచుకున్నాను. వీళ్లు రాసేది ఫోనులో కాబట్టి కొట్టివేతలు కనబడవు. అది నాకు కొంచెం బెంగే. నా పాత కాగితాల మీది ఎర్రగీతలు చూస్తే, ఎక్కడ దారి తప్పానో ఇప్పటికీ తెలుస్తుంది.

మన పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికవారు ఈ వ్యాసానికి రెండు పేజీలే ఇచ్చారు. నా మొదటి ప్రతి ఆరు పేజీలు వచ్చింది. వారం ఆగి, దాన్ని చూడకుండా మళ్లీ రాశాను. లెక్కల మాస్టారి సైకిలు చెరువులో పడిన కథ అందులో ఎగిరిపోయింది. కావలసినవాళ్లు సమ్మేళనం రోజు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి.